రెండు సున్నాల బిళ్ళ కోసం సిద్దిపేట

ఈ ప్రయాణానికి కారణం ఒక అచ్చుతప్పు. తొంభైల మొదట్లో నేను హైదరాబాదులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. వారమంతా ఇతరుల తప్పులు దిద్దడం, ఆదివారం వస్తే తప్పులున్న రాగి బిళ్ళల కోసం వెతుక్కోవడం నా పని. నాణేలు పోగుచేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నాకు మాత్రం అమెరికా టోకెన్ల పిచ్చి పట్టుకుంది. 1860లలో ఆ దేశంలో ఉత్తరాది, దక్షిణాది వాళ్ళు యుద్ధం చేసుకుంటున్నప్పుడు జనం భయపడి చిల్లరంతా ఇళ్ళలో దాచేసుకున్నారు. బజారులో చిల్లర లేక కొట్లవాళ్ళు సొంతంగా రాగి బిళ్ళలు కొట్టించుకుని నడిపించారు. మన పాత నయాపైసా కంటే కొంచెం పెద్దగా ఉంటాయి. వాటిలో వేల రకాలున్నాయి. బొమ్మ ఒకటే అయినా, మాటలు ఒకటే అయినా, కొట్టిన అచ్చు వేరైతే రకం వేరైపోతుంది. అక్షరం ఎంత ఒరిగింది, చుక్క ఎక్కడ పడింది, జెండా మడతలెన్ని అని భూతద్దం పెట్టి చూస్తేగానీ తెలియదు. నా దగ్గర ఉన్నవి నాలుగే. రెండు చార్మినార్ దగ్గర పాత సామాన్లవాడి బుట్టలో దొరికాయి, రెండు ఉత్తరాల మీద పరిచయమైన ఒక అమెరికా ఆయనతో మార్పిడి చేసుకున్నవి.

ఆ నాలుగింటిలో ఒకదాని మీద జెండా ఉంటుంది. వెనకవైపు, ఈ జెండాను పీకి దించబోయినవాణ్ణి అక్కడికక్కడే కాల్చెయ్యండి అని ఇంగ్లీషులో ఉంటుంది. ఆ చివరి మాట ‘స్పాట్’. ఈ బిళ్ళల్లోనే ఒక రకంలో అచ్చు చెక్కినవాడు ఆ మాటలో ఒక ‘ఓ’ ఎక్కువ కొట్టేశాడు. అంత కోపంగా తుపాకీ ఎత్తినవాడికి స్పెల్లింగు రాలేదన్నమాట. ప్రూఫ్ రీడర్ని కనుక ఆ రెండు ‘ఓ’ల బిళ్ళ నాకు దేవుడి ప్రసాదం లాంటిది. పుస్తకంలో బొమ్మ చూడటమే తప్ప అసలుది ఎప్పుడూ చూడలేదు. అలాంటి రోజుల్లో మా ప్రెస్సులో కంపోజిటర్ కనకయ్య సొంతూరు సిద్దిపేట వెళ్ళొచ్చి, ఒక కాగితం ముక్క నా బల్ల మీద పెట్టాడు. కాగితం కింద ఏదో బిళ్ళ పెట్టి పైన పెన్సిలుతో రుద్దినట్టుంది. “మా చెల్లె పెండ్లికి పుస్తెలు చేసిన అవుసులాయన తాన ఉన్నదమ్మా ఇది. నువ్వు తప్పులున్నయి జమ చేస్తవు గదా, చూడు, రెండు ‘ఓ’లు ఉన్నయి” అన్నాడు. సీసపు అక్షరాలను తలకిందులుగా చదివే కంపోజిటర్ కళ్ళు అవి. నేను నమ్మాను.

నమ్మనిది మా నాణేల సంఘంలో పెద్దాయన. నెలకోసారి ఆదివారం పదిమందిమి కలిసేవాళ్ళం. నేను కాగితం చూపిస్తే ఆయన కళ్ళద్దాలు కూడా తీయకుండా, “రుద్దేటప్పుడు కాగితం జరిగింది. ఒక ‘ఓ’ రెండైంది. ఇంతదానికి రకం అని రాసేస్తారా?” అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు. చూస్తుండగానే నెల తిరిగొచ్చింది, వచ్చే ఆదివారం మళ్ళీ సమావేశం. ఈలోగా నా కళ్ళతో నేను చూసి రావాలనుకున్నాను. అవుసులాయన పేరు వీరాచారి. బుధవారం వస్తున్నాను, అమెరికా బిళ్ళ చూడాలి అని కార్డు రాసి, ప్రెస్సులో సెలవు పెట్టాను.

అది మే నెల. ఈ ఒక్క వాక్యం చదివితే మిగతా రోజు ఎలా గడిచిందో సగం అర్థమైపోతుంది. సికింద్రాబాదులో ఆరున్నరకు బస్సెక్కాను. టికెట్టు పద్దెనిమిది రూపాయలని గుర్తు. రెండున్నర గంటల ప్రయాణం, తొమ్మిదింటికల్లా దిగుతానన్నారు. శామీర్‌పేట దాటేదాకా గాలి చల్లగానే ఉంది. ప్రజ్ఞాపూర్ దగ్గర బస్సు ఒక మూలుగు మూలిగి పక్కకు ఒరిగి ఆగింది. డ్రైవర్ దిగి చక్రం వైపు చూసి, వేపచెట్టు కిందికి పోయి బీడీ ముట్టించాడు. “ఎంతసేపు పడుతుందండీ?” అని కండక్టరును అడిగాను. “ఎనకొచ్చే బస్సుల ఎక్కిస్త అమ్మా. పరేషాన్ గాకు” అన్నాడు. వెనక వచ్చిన మొదటి బస్సు ఆగలేదు. రెండోది ఆగింది కానీ జగదేవ్‌పూర్ పోయేది. మూడోదానిలో కాలు పెట్టే జాగా లేదు, అయినా ఎక్కించాడు. కోళ్ళబుట్ట ఒకటి నా మోకాళ్ళకు ఆనించి, దాని యజమాని నిద్రపోయాడు. భూతద్దం, నాలుగు బిళ్ళలు, పుస్తకంలోంచి రాసుకున్న నోటుబుక్కు ఉన్న సంచిని గుండెలకు హత్తుకుని సిద్దిపేటలో దిగేసరికి పదింబావు.

పాత బస్టాండు ఎదురుగా హోటల్లో టిఫిను తిన్నాను. ఇక్కడ ముందు గల్లాపెట్టె దగ్గర డబ్బులు కట్టాలి. కట్టినందుకు గుర్తుగా ఒక రేకు బిళ్ళ ఇస్తారు. దాన్ని లోపల ఇస్తే ఇడ్లీ వస్తుంది. అలవాటుకొద్దీ ఆ రేకు బిళ్ళను తిప్పి తిప్పి చూశాను. అంకె చేత్తో కొట్టింది, కొద్దిగా ఎడమకు ఒరిగింది. వడ్డించేవాడు ప్లేటు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. “అమ్మా, గది ఇటిస్తె ఇడ్లి అటిస్త. చూసుడు అయ్యిందా?” అన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు కూడా అదే అడుగుతున్నట్టు నిలబడ్డారు. ఇచ్చేశాను. ఇడ్లీ చల్లారిపోయింది.

అవుసులవాళ్ళ గల్లీ బస్టాండు నుంచి పది నిమిషాల నడక. వీరాచారి కొట్టు తేలిగ్గానే దొరికింది. తాళం వేసి ఉంది. పక్కన బట్టలు కుట్టే ఆయన మిషను ఆపకుండానే, “ఆచారి నారాయణరావుపేట పోయిండు. పొద్దుగాల్నే పోయిండు. పెండ్లోళ్ళకు పుస్తెలు, మట్టెలు ఇయ్యాలె గదా” అన్నాడు. ఈ రోజు వస్తానని కార్డు రాశానన్నాను. “ఆఁ, అందింది. హైదరాబాద్‌కెళ్ళి మేడం వస్తదని గల్లీల అందరికి చెప్పిండు” అన్నాడు. మరి ఎందుకు వెళ్ళారని అడిగితే, అప్పుడు మిషను ఆపి నా వైపు విచిత్రంగా చూశాడు. “లగ్గం ఆగుతదా అమ్మా?” అన్నాడు. మధ్యాహ్నానికల్లా వస్తాడు, ఇంటి దగ్గర కూర్చోమని దారి చూపించబోయాడు. అక్కడే ఆయన మాట వినుంటే మూడు గంటల పైన తిరుగుడు తప్పేది. కానీ నాకు ఎవరి మాటా వినాలనిపించని దశ వచ్చేసింది. నారాయణరావుపేటకు జీపు ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

జీపులో పదముగ్గురం. నాలుగు రూపాయలు. డ్రైవర్ ఒక కాలు బయటపెట్టి నడుపుతున్నాడు. ఎందుకలాగ అంటే, “లోపట జాగ లేదమ్మా” అన్నాడు. పెళ్ళి ఇంటికి వెళుతున్నానని విని సంతోషపడి, ఊళ్ళోకి తీసుకెళ్ళి సరిగ్గా పందిరి ముందు దింపాడు. అప్పటికి పన్నెండు దాటింది. మాడు మండిపోతోంది. పందిట్లో బ్యాండు వాయిస్తున్నవాళ్ళు తప్ప నా మాట వినగలిగే దూరంలో ఎవరూ లేరు. నేను అరిచి అరిచి అడిగితే పెళ్ళికూతురి మేనత్త ఒకావిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి విస్తరి ముందు కూర్చోబెట్టింది. నేను పెళ్ళికి రాలేదండీ, వీరాచారి గారి కోసం వచ్చానంటే, “ఆచారా? అర్ధ గంటాయె పోయి. మోపెడ్ మీద పోయిండు. నీకు తొవ్వల ఎదురు రాలేదా?” అంది. వచ్చే ఉంటాడు. జీపులో నా ముఖానికీ రోడ్డుకీ మధ్య ఐదుగురు మనుషులున్నారు. లేవబోతే మేనత్త భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. “లగ్గమింట్ల తినకుంట పోతరా ఎవరన్న? బస్సు ఒంటిగంటన్నర దాంక లేదు. తిను.” చుక్కకూర పప్పు, వంకాయ, బూరెలు. చాలా బాగున్నాయి. పళ్ళు కొరుక్కుంటూ తిన్నాను.

తిరిగి గల్లీకి చేరేసరికి రెండున్నర. బట్టలు కుట్టే ఆయన నన్ను చూసి నోరు తెరవబోయి, ముఖం చూసి మూసేసుకున్నాడు. కొట్టు వెనకే ఇల్లు. వాకిట్లో వీరాచారి భార్య సత్తెమ్మ ఎదురొచ్చింది. అరవై దాటిన మనిషి. “రా బిడ్డా రా. పొద్దటిసంది నీ కోసమే చూస్తున్న. ఆయన మోపెడ్ తొవ్వల ఆగిందంట, గిప్పుడే వచ్చి కాళ్ళు కడుగుతుండు” అంటూ నీళ్ళ చెంబిచ్చి, లోపలికి వెళ్ళి ఒక ఇత్తడి పళ్ళెం తెచ్చింది. పళ్ళెంలో తమలపాకు. తమలపాకు మీద నేను వెతుక్కుంటూ వచ్చిన బిళ్ళ. ధగధగా మెరిసిపోతోంది. కొత్త రాగి చెంబులా గులాబీ రంగులో ఉంది.

నాణేలతో పరిచయం లేనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పాత రాగికి ఏళ్ళ తరబడి పట్టే ముదురు రంగే దాని వయసుకు సాక్ష్యం, దాని చర్మం. దాన్ని తోమితే అక్షరాల అంచులు అరుగుతాయి, సన్న గీతలు పోతాయి. రకం గుర్తుపట్టడానికి పనికొచ్చేవి ఆ సన్న గీతలే. తోమిన బిళ్ళను మా సంఘంలో ఎవరూ చేత్తో కూడా ముట్టుకోరు.

“ఏం చేశారమ్మా దీన్ని?” అన్నాను.

“చింతపండు, బూడిద పెట్టి తోమిన బిడ్డా. నల్లగ ఉండె. నువ్వు గంత దూరంకెళ్ళి చూడనికి వస్తున్నవని...”

ఆ తర్వాత నేను అన్న మాటలు ఇప్పటికీ రాయాలంటే చెయ్యి రావడం లేదు. పొద్దుటి నుంచి బస్సు మీద, జీపు మీద, ఎండ మీద, సంఘం పెద్దాయన మీద పేరుకున్నదంతా ఆవిడ మీద పడింది. ఎవరు తోమమన్నారన్నాను. అడిగి చెయ్యాలి కదా అన్నాను. నూట ముప్పై ఏళ్ళు నిలిచినదాన్ని గంటలో పాడుచేశారన్నాను. గొంతు ఎంత పెంచానంటే, బయట కుట్టుమిషను చప్పుడు ఆగింది. ఆవిడ పళ్ళెం నా ముందు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, మెల్లగా అంది.

“ఇంటికి చుట్టమొస్తె చెంబు తోమి నీళ్ళిస్తం బిడ్డా. బిళ్ళెందుకు తోమద్దో నాకు ఎరుక లేదు.”

అప్పటికే ఆవిడ తోమి ఇచ్చిన చెంబు నా చేతిలో ఉంది. ఆవిడ లోపలికి వెళ్ళింది. స్టవ్వు వెలిగించిన చప్పుడు వినిపించింది. టీ పెడుతోంది, నాకే.

వీరాచారి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. సన్నటి మనిషి, చెవి మీద పట్టకారు. మా మాటలన్నీ విన్నాడని తెలుస్తూనే ఉంది, కానీ ఆ సంగతి ఎత్తలేదు. పళ్ళెంలోంచి బిళ్ళ తీసి అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. ఆయన ముఖం మారింది. కొట్టు తలుపు తీసి, చిన్న తరాజు తెచ్చి ఒక పక్క బిళ్ళ వేసి, రెండో పక్క పావు తులం రాయి వేశాడు. బిళ్ళ ఉన్న పళ్ళెం రవ్వంత పైకి లేచింది. మళ్ళీ వేసి చూశాడు. మళ్ళీ లేచింది.

“మా బాపు పాతబస్తీల తుక్కు రాగి కొన్నప్పుడు అండ్లకెళ్ళి వచ్చింది ఇది” అన్నాడు. “అంచు రవ్వంత ఆకురాయి పెట్టి పావు తులానికి సరిజేసిండు. సర్కారు ముద్రలున్న రాళ్ళు నా తాన వేరే ఉన్నయి. గని ఆ రాళ్ళు సరిగున్నయా లేవా అని నేను చూసుకునేది దీనితోటే. యాభై ఏండ్లసంది.”

ఆకురాయి పెట్టారు. నేను కళ్ళు మూసుకున్నాను. తోమడం కంటే ముందే అంచు కూడా పోయిందన్నమాట. ఇంక కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. సంచి తెరిచి నా నాలుగు బిళ్ళలు, నోటుబుక్కు, భూతద్దం బయటపెట్టాను. వచ్చింది చూడటానికి కదా, చూసి పోదామనుకున్నాను.

ఆయనది నా భూతద్దం కంటే మంచిది, కంటికి బిగించుకునేది. గడపలో పక్కవాటుగా ఎండ పడే చోట కూర్చున్నాం. ‘స్పాట్’ అని ఉండాల్సిన చోట పట్టకారు మొన పెట్టి చూపించాను. రెండు ‘ఓ’లూ ఉన్నాయి. కాగితం మీద కాదు, రాగి మీద. అయినా సంఘం పెద్దాయన గొంతు చెవుల్లో మోగుతూనే ఉంది. కొట్టేటప్పుడు బిళ్ళ జరిగినా అక్షరం రెండుగా పడుతుంది, అలా అంటాడేమో. ఆ మాటే వీరాచారిని అడిగాను.

ఆయనకు ఇంగ్లీషు రాదు. అక్షరాలన్నిటినీ గీతలుగా, సున్నాలుగా చూశాడు. చాలాసేపు చూశాడు.

“జరిగితె పక్కనున్న గీత గూడ జరగాలె గదా. జరగలే. గీ రెండు సున్నలు ఒక్క ముద్ర తోటే, రెండు సార్లు కొట్టినయి. చూడు, రెండిటికి గూడ ఎడమ దిక్కు సన్నగ, కుడి దిక్కు మందం. అచ్చు చెక్కేటోడు ఉక్కు మీద ఒక్కొక్క అచ్చరం తలకిందులు కొట్టుకుంట పోతడు. ఎవలో పిలిచిన్రనుకో, ఎనకకు తిరిగి చూసి మల్ల పనిల పడ్డడు. ఆ సున్న కొట్టిన అని మర్శిపోయిండు. మల్ల కొట్టిండు.” నవ్వాడు. “నేను గూడ గట్ల చేసిన. పెండ్లికూతురి ఉంగరం మీద.”

అప్పటిదాకా నేను చదివిన ఏ పుస్తకమూ ఆ పొరపాటును అంత సూటిగా చెప్పలేదు. నోటుబుక్కులో ఆయన మాట ఆయన మాటగానే రాసుకున్నాను. తర్వాత ఆయన నా బిళ్ళలు కూడా ఒక్కొక్కటీ తీసుకున్నాడు. మూడూ నాలుగూ పక్కపక్కన పెట్టి, “ఇవి రెండెందుకు తెచ్చినవు? రెండు ఒకటే” అన్నాడు. కాదండీ, ఇవి రెండు రకాలు, దీనికి బొమ్మ తల దగ్గర ఒక గీత ఎక్కువుంది, పోయిన ఏడు నేనే సంఘంలో దీని మీద వ్యాసం చదివానని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “గది చెక్కిన గీత గాదు బిడ్డా. చెక్కిన గీతకు మొదలు, తుద ఉంటది. ఇది పగులు. అచ్చు కొట్టి కొట్టి పగులువట్టింది. ఇది ముందుగాల కొట్టింది, గిది ఎన్కశీరి కొట్టింది. అచ్చు ఒక్కటే.” నేను మళ్ళీ చూశాను. నిజమే. గీత అంచు నుంచి మొదలై, మెరుపు తీగలాగ వంకర పోయి, బొమ్మ చెంప దాకా వచ్చింది. ఏ మనిషీ అలా చెక్కడు. ఏడాదిగా రెండు రకాలని నేను చెప్పుకున్నవి ఒక్క మాటతో ఒకటైపోయాయి. సంఘంలో ఆ సంగతి కూడా నేనే ఒప్పుకోవాలి.

ఇంతలో సత్తెమ్మ టీ తెచ్చింది. నా ముందు పెట్టి, భర్త చేతిలో ఉన్న బిళ్ళ వైపు చూసి, “తూకం పోయిందా?” అని అడిగింది. ఆయన దాచలేదు. “రవ్వంత పోయింది” అన్నాడు. ఆవిడ ద్వారబంధం పట్టుకుని నా వైపు తిరిగింది. “నా పుస్తెలు మా మామ దీన్నే పెట్టి తూచిండు” అని నాతో అంది. చెప్పడం కూడా ఏదో ఊరి సంగతి చెప్పినట్టు చెప్పింది. తర్వాత భర్తతో అంది, “నేనే ఖరాబ్ చేసిన. ఇగ నీ తరాజుకు పనికి రాదు. ఆ బిడ్డకు ఇచ్చెయ్యి. గంత దూరంకెళ్ళి వచ్చింది.”

వీరాచారి బిళ్ళను నా వైపు జరిపాడు. “తీస్కపో అమ్మా. పైసలేమి వద్దు.”

పొద్దున ఆరున్నర నుంచి నేను కోరుకున్నది అదే. చెయ్యి చాపితే చాలు. తోమినా, అంచు అరిగినా రెండు ‘ఓ’ల బిళ్ళ అది. ఆదివారం దాన్ని పెద్దాయన ముందు టక్కున పెడితే ఎలా ఉంటుందో కూడా కళ్ళ ముందు కనబడింది. చెయ్యి చాపాను కూడా. కానీ ఆవిడ నా వైపు చూడటం లేదు. నేల వైపు చూస్తోంది. ఆ బిళ్ళ పాడైపోయిందని ఈ ఇంట్లో తీర్పు చెప్పింది నేను. చేత్తో ముట్టుకోకూడని వస్తువుగా మార్చింది నేను. ఇప్పుడు దాన్ని సంచిలో వేసుకుని పోతే ఆ తీర్పే ఖాయమైపోతుంది. ఆవిడ జీవితాంతం చింతపండు ముట్టుకున్నప్పుడల్లా గుర్తు చేసుకుంటుంది.

“తూకం మళ్ళీ సరిచెయ్యడానికి వీలు లేదా?” అని అడిగాను.

“ఎందుకు లేదు? రవ్వంత రాగి అతికిస్తె సరిపోతది. గని మీ లెక్కల అది ఇంక ఖరాబైతది గదా.”

అవుతుంది. దానికి మించిన పాపం మా పుస్తకాల్లో లేదు. తోమడం ఒకటి, అరగదీయడం రెండు, అతికించడం మూడు. ఇంక దాన్ని ఏ సేకరణలోనూ ఏ జాబితాలోనూ చేర్చరు.

“అతికించండి” అన్నాను. “జెండా వైపు, అంచు దగ్గర. అక్షరాల వైపు మాత్రం వద్దు.”

ఆయన ముందు నా కోసం ఇంకో పని చేశాడు. లక్క కరిగించి రెండు చిన్న చెక్కముక్కల మీద పోసి, వేడి తగ్గాక బిళ్ళను ఒక్కో వైపు ఒత్తి తీశాడు. ఎర్రటి లక్కలో జెండా ఒకటి, అక్షరాలు ఒకటి లోతుగా పడ్డాయి. రెండు ‘ఓ’లూ తలకిందులుగా, అచ్చు చెక్కినవాడు చూసిన తీరులో కనిపించాయి. అప్పుడు కుంపటి రాజేసి, ఊదుగొట్టం పెట్టి, ఆవగింజంత రాగి జెండా అంచున అతికించాడు. చల్లార్చి తరాజులో వేశాడు. బరువెక్కువైంది. ఆకురాయితో రెండు గీతలు గీసి మళ్ళీ వేశాడు. ఈసారి ముల్లు నిలబడింది. సత్తెమ్మ వంగి, ముల్లు వైపు చూసి, భర్త వైపు చూసి, చివరికి నా వైపు చూసింది.

నేను క్షమించమని సరిగ్గా అడగలేకపోయాను. ఏదో గొణిగాను. బస్సు, ఎండ అని చెప్పాను. ఆవిడ వినిపించుకోకుండా, “చాయ చల్లారింది. మల్ల పెట్టనా?” అంది. పెట్టమన్నాను. రెండో టీ తాగుతూ, తోమితే ఏం పోతుందో భూతద్దంలో చూపించాను. ఆవిడ శ్రద్ధగా చూసి, “గీ సన్న గీతలు పోతయని ముందే కార్డుల రాస్తే అయిపోతుండె గదా” అంది.

ఐదున్నర బస్సుకు ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడవునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను, కాసేపు ఆవిడ మీద అరిచినందుకు, కాసేపు బిళ్ళ వదిలేసి వచ్చినందుకు. రెండూ ఒకదానికొకటి పొసగవు కానీ తిట్టుకోవడం మాత్రం ఆగలేదు. ఆదివారం లక్క ముద్రలు బల్ల మీద పెట్టి, వీరాచారి చెప్పినది చెప్పినట్టు చదివాను. రెండు రకాలనుకున్నవి ఒకటేనని కూడా చెప్పాను. పెద్దాయన లక్క ముక్కను అటూ ఇటూ తిప్పి, “లక్కలో ఎవరైనా ఏదైనా ఒత్తుకోవచ్చు” అన్నాడు. పగులు సంగతి మాత్రం రెండుసార్లు అడిగి రాసుకున్నాడు.

ఆ తర్వాత ఇలాంటి బిళ్ళల కోసం చాలా ఊళ్ళు తిరిగాను. తోమినవి కనిపిస్తే ఇప్పటికీ చిరాకు వస్తుంది, అది పోదు. కానీ అంతకుముందు నేను ప్రతి బిళ్ళనూ ఎవరి చేతుల్లోనో పొరపాటున ఇరుక్కుపోయిన నా వస్తువులా చూసేదాన్ని. దూరదేశంలో ఎవరో చిల్లర లేక కొట్టించిన రాగి ఇక్కడ ఇంకో పనిలో కుదురుకుంటుందని, ఆ పనికి కూడా ఒక చరిత్ర ఉంటుందని నా పుస్తకాల్లో ఎవరూ రాయలేదు. రకాల జాబితాలో దానికి అంకె ఉండదు. ఆ బుధవారం నాటి నోటుబుక్కులో, బరువు అని ఉన్న గడిలో నేను ‘పావు తులం, సరిగ్గా’ అని రాసుకున్నాను.

ఇలాంటి పని మీద వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. బిళ్ళ మీద అచ్చు తేడాలు నడినెత్తి ఎండలో గానీ, ట్యూబులైటు కింద గానీ కనబడవు. వెలుతురు పక్కవాటుగా పడాలి. ఉదయం తొమ్మిదిలోపో, సాయంత్రం నాలుగు తర్వాతో తలుపు దగ్గర కూర్చుని, బిళ్ళను కదపకుండా మీరే చుట్టూ మెల్లగా జరుగుతూ చూడండి. చెక్కిన గీత ఏదో, పగులు ఏదో అప్పుడే తేలుతుంది.